మనవరాలి బొడ్డు రక్తంలో డెంగీ పరీక్ష: ఒకే కాగితం మీద మూడు రకాల ఫలితాలు. ఏది నమ్మాలి?

తెనాలి అమ్మమ్మ, అక్టోబర్ 17

అందరికీ నమస్కారం. తొలి కాన్పుకు మా అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకున్నాం. తొమ్మిదో నెల నిండుతుండగా ఈ నెల 9న తనకు జ్వరం మొదలైంది. ఒళ్ళు కాలిపోవడం, కళ్ళ వెనక నొప్పి, మంచం దిగలేకపోవడం. మర్నాడు రక్తం పరీక్ష చేయిస్తే ఎన్‌ఎస్1 పాజిటివ్, డెంగీ అన్నారు. 13వ తేదీకి ప్లేట్‌లెట్లు 58 వేలకు పడిపోయాయి. ఆ రాత్రంతా నేను నిద్రపోలేదు. 14న తెల్లవారుజామున నొప్పులు వచ్చాయి. దేవుడి దయ వల్ల మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల, 2 కిలోల 700 గ్రాములు. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. ఇప్పుడు అమ్మాయికి జ్వరం లేదు, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయి.

తల్లికి డెంగీ కాబట్టి బొడ్డుతాడు రక్తం పరీక్షకు పంపుతామన్నారు. నేను గదిలోనే ఉన్నాను. పేగు కోశాక, కోసిన చివరను ట్యూబు మూతి మీద పట్టుకుని రెండు ట్యూబులు నింపారు. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి ఆకుపచ్చ మూత. నిన్న రిపోర్టు వచ్చింది. అందులో ఇలా ఉంది:

డెంగీ ఐజీజీ: పాజిటివ్.
డెంగీ ఐజీఎం: సందిగ్ధం, మళ్ళీ పరీక్షించాలి.
డెంగీ పీసీఆర్: తగని ట్యూబు, నమూనా తిరస్కరించాం.

నర్సింగ్ హోమ్‌లో ఉన్న చిన్న డాక్టరు కాగితం చూసి, బిడ్డ బాగానే పాలు తాగుతోంది కదా, చూద్దాం అని ఈ ఉదయం ఇంటికి పంపేశారు. పెద్ద డాక్టరు దీపావళి అయ్యాక గానీ రారట. ఫోనులో పాజిటివ్ అనే మాట వినగానే మా వియ్యపురాలు ఏడ్చారు. అల్లుడు పుణెలో ఉన్నాడు, రైలు టిక్కెట్టు కోసం ప్రయత్నిస్తున్నాడు. అమ్మాయి పాలు ఇవ్వాలన్నా భయపడుతోంది. తన వల్లే బిడ్డకు వచ్చిందని కుమిలిపోతోంది. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో కూడా తనకు ఒకసారి డెంగీ వచ్చింది, అది కూడా రాయమంది.

పుట్టిన మూడు రోజుల బిడ్డకు డెంగీ ఉన్నట్టా, లేనట్టా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాత ల్యాబు మనిషి, కాకినాడ, అక్టోబర్ 17

అక్కయ్యా, ఒక ప్రభుత్వ వైద్య కళాశాల మైక్రోబయాలజీ విభాగంలో 26 ఏళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసి రెండేళ్ళ కిందట పదవీ విరమణ చేశాను. నేను డాక్టరును కాను, బిడ్డకు ఏం వైద్యం చేయాలో నేను చెప్పకూడదు. కానీ మీ కాగితం మీద ఉన్న మూడు ముక్కలూ నేను ఏళ్ళ తరబడి నా చేత్తో రాసినవే. వాటి సంగతి చెప్పగలను.

ముందుగా ఒక మాట. దీపావళి దాకా ఆగకండి. ఈ రోజే, వీలు కాకపోతే రేపు పొద్దున్నే, పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రికి బిడ్డను తీసుకెళ్ళండి. ప్రసవానికి ఐదు రోజుల ముందు తల్లికి డెంగీ జ్వరం మొదలైందని, బొడ్డు రక్తం పీసీఆర్ జరగలేదని మొదటి వాక్యంలోనే చెప్పండి. కాన్పుకు అంత దగ్గరలో జ్వరం వచ్చినప్పుడు బిడ్డను మొదటి రెండు వారాలు కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పాలు పట్టకుండా మగతగా ఉన్నా, పొట్ట ఉబ్బినా, చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా రాత్రీ పగలూ చూడకుండా బయలుదేరండి. 

ఇక ఐజీజీ. ఇది జబ్బుతో పోరాడటానికి ఒళ్ళు తయారు చేసుకునే ఒక రకం యాంటీబాడీ. అమ్మాయి హాస్టల్ డెంగీ గురించి రాయమంది చూశారా, ఈ ఐజీజీకి జవాబు అందులోనే ఉంది. ఒకసారి డెంగీ వచ్చిన మనిషి రక్తంలో ఐజీజీ ఏళ్ళ తరబడి ఉంటుంది. రెండోసారి వచ్చినప్పుడు అది మొదటి వారంలోనే బాగా పెరుగుతుంది. కడుపులో బిడ్డకు మాయ ఈ ఐజీజీని ఏరి మరీ అందిస్తుంది, ముఖ్యంగా చివరి వారాల్లో. నెలలు నిండిన బిడ్డలో తల్లిలో కంటే ఎక్కువ ఐజీజీ ఉండటం కూడా మామూలే. అత్తవారింటికి పంపేటప్పుడు కూతురి వెంట సారె పెట్టి పంపుతాం కదా, ఇదీ అలాంటిదే. అమ్మ దగ్గర ఉన్నది బిడ్డకు వచ్చింది. దాన్ని చూసి బిడ్డకు జబ్బు ఉందని చెప్పడానికి వీల్లేదు. ఆ మాట మీ వియ్యపురాలికి ఈ రాత్రే ఫోను చేసి చెప్పండి. నన్నడిగితే, తల్లి ఐజీజీతో పోల్చి చూపకుండా బొడ్డు రక్తం ఐజీజీ ఒక్కటే పాజిటివ్ అని రాసి ఇంటికి పంపడమే తప్పు. ఆ ఒక్క మాట ఇళ్ళలో ఎంత పని చేస్తుందో ల్యాబులో కూర్చున్నవాళ్ళకు కనిపించదు.

ఐజీఎం సంగతి వేరు. ఇదీ యాంటీబాడీయే, కానీ పెద్ద అణువు. ఐదు ముక్కలు చక్రంలా కలిసి ఉంటాయి, మాయను దాటి రాలేదు. కాబట్టి బొడ్డు రక్తంలో నిజంగా ఐజీఎం ఉంటే, అది బిడ్డ సొంతంగా తయారు చేసుకున్నదని అర్థం. అందుకే డాక్టర్లు దీనికి అంత విలువ ఇస్తారు. అయితే ఆ ట్యూబులో ఉన్నది పూర్తిగా బిడ్డ రక్తమే అయి ఉండాలి.

మీరు గదిలో నిలబడి చూసింది రాయడం చాలా మంచిదైంది. కోసిన చివర నుంచి కారే రక్తాన్ని పట్టకూడదు అక్కయ్యా. తాడు పైన తల్లి రక్తం అంటుకుని ఉంటుంది. ప్రసవమంటేనే అది. తాడుకు క్లిప్పులు పెట్టాక, పైభాగాన్ని సెలైన్‌తో శుభ్రంగా తుడిచి, బొడ్డుతాడులో ఉండే ఒకే ఒక్క సిరలోకి సూది గుచ్చి సిరంజితో లాగాలి. రెండు ధమనులు సన్నగా మెలి తిరిగి ఉంటాయి, సిర లావుగా నీలంగా కనిపిస్తుంది. చేయి తిరిగిన నర్సుకు అర నిమిషం పని. తాడును పిండకూడదు. పిండితే లోపలి జిగురు కూడా వచ్చేస్తుంది. బ్లడ్ గ్రూపు చూసేటప్పుడు ఈ జిగురు ఎంత ఇబ్బంది పెడుతుందో మాకు తెలుసు. కణాలు వాటంతట అవే ముద్ద కట్టి లేని గ్రూపు ఉన్నట్టు కనిపిస్తుంది. సెలైన్‌తో పదే పదే కడిగితే గానీ నిజం బయటపడదు.

కాన్పు నాటికి మీ అమ్మాయికి జ్వరం ఆరో రోజు. సరిగ్గా ఆ సమయానికి తల్లి రక్తంలో ఐజీఎం పైకి వస్తూ ఉంటుంది. అలాంటి తల్లి రక్తం కొద్దిగా కలిసినా చాలు, బిడ్డ నమూనా సందిగ్ధంలో పడుతుంది.

సందిగ్ధం అంటే ఏమిటో కంటికి కట్టినట్టు చెప్తాను. 96 చిన్న చిన్న గుంటలున్న ప్లేటు మా ముందుంటుంది. గుంట అడుగున ముందే పూత పూసి ఉంటుంది, అది నమూనాలోని ఐజీఎం మొత్తాన్నీ పట్టుకుంటుంది. దాని మీద డెంగీ యాంటిజెన్, అంటే వైరస్ ముక్కలు, పోస్తాం, కడుగుతాం, తర్వాతి ద్రవం పోస్తాం, మళ్ళీ కడుగుతాం. చివరి ద్రవం పోశాక చీకట్లో పెట్టి తీస్తే పాజిటివ్ గుంటలు నీలంగా తేలతాయి. ఆమ్లం చుక్క వేయగానే నీలం కాస్తా పసుపు నీళ్ళ రంగు అవుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో యంత్రం అంకెల్లో చెబుతుంది. ఖచ్చితంగా పాజిటివ్ అయిన గుంట మంగళ స్నానం నీళ్ళలా ఉంటుంది. నెగెటివ్‌ది మామూలు నీళ్ళు. రెండింటికీ మధ్య ఎండిన గడ్డి రంగులో ఒక గుంట మిగిలిపోతుంది. అటూ ఇటూ చెప్పలేం. దాన్నే సందిగ్ధం అని రాస్తాం. అలాంటి గుంటలు వచ్చిన రోజు నేను ఇంటికి వెళ్ళినా మనసు అక్కడే ఉండేది, ఎందుకంటే దాని వెనక మీలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. బొడ్డు రక్తంలో కణాలు తరచూ చితికిపోయి సీరం, అంటే పైన తేలే నీరు, ఎర్రగా వస్తుంది. అది కూడా అంకెను తారుమారు చేయగలదు.

పీసీఆర్ అంటే రక్తంలో వైరస్ జన్యుపదార్థం ఉందేమో నేరుగా చూసే పరీక్ష. దాన్ని తిరస్కరించారని ల్యాబు మీద కోపం తెచ్చుకోకండి. వాళ్ళు సరైన పని చేశారు. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది గానీ, పీసీఆర్ చర్యను కూడా అడ్డుకుంటుంది. వైరస్ ఉన్నా లేదని రావచ్చు. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో పట్టి, ఐస్ ప్యాకుల మధ్య చల్లగా పంపాలి. తప్పు ట్యూబులో పరీక్ష నడిపి నెగెటివ్ అని ఇచ్చి ఉంటే మీరు నిశ్చింతగా ఇంట్లో కూర్చునేవారు. దానికంటే ఇదే నయం.

కాబట్టి ఇప్పుడు ఆ బొడ్డు రక్తాన్ని మరచిపోండి. బిడ్డ చేతి సిర నుంచి తీసిన సొంత రక్తం కావాలి. డాక్టరును ఇలా అడగండి: ఈడీటీఏ ట్యూబులో పీసీఆర్‌కు వెంటనే, అదే రక్తంలో ప్లేట్‌లెట్లు కూడా. రెండు వారాల వయసులో మళ్ళీ ఐజీఎం. దాంతోపాటు తల్లి రక్తం కూడా పక్కనే పరీక్షించాలి. బిడ్డ సొంత ఐజీఎం అయితే అప్పటికి బాగా పైకి వచ్చి ఉంటుంది. తల్లి నుంచి కలిసిందైతే కనిపించదు. కార్డు మీద గీతలు చూసి చెప్పే పరీక్ష వద్దు, ఎలీసా, అంటే పైన చెప్పిన గుంటల ప్లేటు పరీక్ష, చేయమనండి. దోమల జబ్బుల నియంత్రణకు ఉన్న మన జాతీయ కార్యక్రమం కూడా ఎలీసానే చేయమంటుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసే ఐజీఎం కిట్లు ప్రభుత్వ ల్యాబులకు ఉచితంగా వస్తాయి. 

పాల విషయం కూడా డాక్టరును అడగండి, కానీ డెంగీ వచ్చిందని తల్లి పాలు ఆపమని ఎవరూ చెప్పరు. మీ అమ్మాయిని కుమిలిపోవద్దని చెప్పండి. దోమ కుట్టింది, అంతే.

రెడ్డమ్మ కొడుకు వాళ్ళమ్మ, కడప, అక్టోబర్ 18

అక్కా, ధైర్యంగా ఉండండి. మాది డెంగీ కాదు, చికున్‌గున్యా. 2006లో మా వైపు ఇంటికి ఇద్దరు చొప్పున కీళ్ళు పట్టేసి మంచాన పడ్డారు, గుర్తుండే ఉంటుంది. నాకు కాన్పు ముందు రోజు జ్వరం వచ్చింది. నొప్పులేవో, కీళ్ళ నొప్పులేవో తెలియలేదు. బాబు పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాడు. బొడ్డు రక్తం పరీక్ష అనేది ఒకటుందని మాకెవరికీ తెలియదు, ఎవరూ చేయలేదు. నాలుగో రోజు సాయంత్రం పాలు తాగడం మానేశాడు. ఒళ్ళు వేడి, చేతులు కాళ్ళు వాచాయి, ముట్టుకుంటే ఏడుపు. తర్వాత వారానికి ముక్కు కొన మీద నల్లటి మచ్చ వచ్చి ముఖమంతా కమ్మేసింది. దిష్టి తగిలిందని కొందరు, కామెర్లని కొందరు అన్నారు. 11 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆ మచ్చ పోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు వాడికి 19 ఏళ్ళు, బీటెక్ చదువుతున్నాడు. ఇదంతా మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. పుట్టగానే బాగుంది కదా అని మేము ఇంటికి వచ్చేశాం. నాలుగో రోజు మా అత్తగారు గమనించి తొందర పెట్టకపోతే ఏమయ్యేదో. మీరు కూడా గమనిస్తూ ఉండండి.

పాత ల్యాబు మనిషి, కాకినాడ, అక్టోబర్ 18

కడప చెల్లీ, మీరు రాసింది చదువుతుంటే ఆ ఏడాది మా ల్యాబు కళ్ళ ముందు కదిలింది. రోజుకు ఎన్ని ట్యూబులు వచ్చేవో లెక్కే ఉండేది కాదు.

మీకు జరిగిందే అప్పట్లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో డాక్టర్లు శ్రద్ధగా రాసి పెట్టారు. అక్కడ 2005, 2006లలో చికున్‌గున్యా చెలరేగింది. కాన్పు వేళ రక్తంలో వైరస్ ఉన్న 39 మంది తల్లుల బిడ్డలను చూస్తే 19 మందికి సోకింది. దాదాపు సగం. సిజేరియన్ చేసినా తేడా రాలేదు. ఆ పిల్లలందరూ పుట్టినప్పుడు ఆరోగ్యంగానే ఉన్నారు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జబ్బు పడ్డారు. కాన్పు సమయంలోనే వైరస్ దాటుతుంది కాబట్టి, ఆ క్షణాన తీసిన బొడ్డు రక్తంలో అది కనిపించకపోవచ్చు. బొడ్డు రక్తం నెగెటివ్ అని వచ్చినా బిడ్డను వదిలేయకూడదని నేను మా పిల్లలకు, అంటే నా దగ్గర పని నేర్చుకున్న టెక్నీషియన్లకు, పదే పదే చెప్పేదాన్ని.

డెంగీలో పరిస్థితి ఇంత తీవ్రంగా ఉండదు. మలేసియాలో రెండున్నర వేలకు పైగా ప్రసవాల్లో తల్లి రక్తం, బొడ్డు రక్తం జంటగా పరీక్షించి 2008లో ప్రచురించారు. తల్లుల్లో 60 మందికి పైగా ఇటీవల డెంగీ వచ్చిన గుర్తులు ఉన్నాయి. బిడ్డల్లో ఒక్కరికే కనిపించింది. కానీ ఆ తల్లుల్లో చాలామందికి జ్వరం వచ్చి వారాలు గడిచి ఉండవచ్చు. ఫ్రెంచ్ గయానాలో చేసిన మరో పరిశీలనలో ఐదుగురిలో ఒకరి దాకా సోకినట్టు తేలింది, అదీ కాన్పుకు దగ్గరలో జ్వరం వచ్చినవారిలో ఎక్కువ. తెనాలి అక్కయ్య అమ్మాయిది ఈ రెండో రకం. అందుకే నిన్న అంత గట్టిగా డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. 

డాలస్ తెలుగమ్మాయి, అక్టోబర్ 18

పెద్దమ్మా, మీ మనవరాలు చల్లగా ఉండాలి. ఇక్కడి అనుభవం ఒకటి చెప్తాను, ల్యాబు మేడమ్ గారు అన్నదానికి సరిపోతుంది.

మా రెండో వాడు ఆగస్టులో పుట్టాడు. బొడ్డు రక్తాన్ని మూలకణాల బ్యాంకుకు దానం ఇచ్చాం. ఇక్కడ దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ వైరస్ భయం ఉంది. 2012లో అమెరికాలో అది ఎక్కువగా చెలరేగింది మా డాలస్ చుట్టుపక్కలే. రక్తం ఎక్కించడం ద్వారా కూడా సోకుతుందని 2002లో తేలాక, 2003 నుంచి దాతల రక్తంలో ఈ వైరస్ జన్యుపదార్థం ఉందేమో చూస్తున్నారు. మూలకణాల దాతలకైతే ఏటా జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా, అంటే దోమల కాలంలో, ఈ పరీక్ష చేయాలని ఇక్కడి ప్రభుత్వ సూచన.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, సంచీలో పట్టిన బొడ్డు రక్తం కోసం వాళ్ళు పరీక్షకు తీసుకున్నది నా చేతి రక్తం. ఎందుకని అడిగితే, తల్లి రక్తంలో లేని వైరస్ బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుందమ్మా, పైగా సంచీలోది రోగికి పనికొచ్చే రక్తం, దాన్ని పరీక్షలకు ఖర్చు చేయలేం అన్నారు నర్సు. మీ డాక్టరు గారు మీ అమ్మాయి రక్తం కూడా పక్కన పెట్టి చూస్తే మంచిదని నాకూ అనిపిస్తోంది.

పాత ల్యాబు మనిషి, కాకినాడ, అక్టోబర్ 18

బాగా చెప్పావమ్మా. దోమల వల్ల వచ్చే జికా వైరస్ విషయంలో కూడా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం బొడ్డు రక్తం మీద ఆధారపడవద్దని, బిడ్డ సొంత రక్తం, మూత్రం పరీక్షించమని చెప్పింది. కారణం ఇదే, బొడ్డు రక్తం అటూ ఇటూ తప్పు చెప్పగలదు.

తెనాలి అమ్మమ్మ, అక్టోబర్ 20

దీపావళి శుభాకాంక్షలు. మా ఇంట్లో ఈసారి టపాకాయలు లేవు, గుమ్మంలో దీపాలు మాత్రం పెట్టాం.

17వ తేదీ సాయంత్రమే గుంటూరు వెళ్ళాం. మీరు చెప్పిన వాక్యాన్ని నేను కాగితం మీద రాసుకుని వెళ్ళి డాక్టరమ్మకు చదివి వినిపించాను. ఆవిడ వెంటనే బిడ్డను చేర్చుకున్నారు. మొదట మడమ మీద గుచ్చి చిన్న ట్యూబులో రక్తం తీశారు. గంటలో ప్లేట్‌లెట్లు 84 వేలు అని వచ్చింది. నా కాళ్ళలో సత్తువ పోయింది. గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. అమ్మాయికి చెప్పలేదు.

డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు. గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపు కింద చూడమని ల్యాబుకు చెప్పారు. ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయట. మడమ గుచ్చి పిండినప్పుడు అలా అవుతుందని, గుంపును యంత్రం ఒక్కటిగా లెక్కపెడుతుందని చెప్పారు. మళ్ళీ చేతి సిర నుంచి తీశారు. ఈసారి 1 లక్షా 86 వేలు. అప్పుడు ఏడ్చాను అక్కయ్యా.

పీసీఆర్‌కు ఊదారంగు మూత ట్యూబులో తీశారు, నేను పక్కనే ఉండి మూత రంగు చూశాను. ఈ రోజు మధ్యాహ్నం ఫలితం చెప్పారు. నెగెటివ్. అమ్మాయి పాలు ఇస్తోంది. బిడ్డ రెండు గంటలకోసారి లేచి తాగుతోంది. ఐజీఎం 30వ తేదీన తీస్తామన్నారు, తల్లిదీ బిడ్డదీ కలిపి. అల్లుడు నిన్న వచ్చాడు. బిడ్డను ఎత్తుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

పాత ల్యాబు మనిషి, కాకినాడ, అక్టోబర్ 21

ఆ డాక్టరమ్మకు నా తరఫున నమస్కారం చెప్పండి. యంత్రం 84 వేలు అంటే పలక తీయించి చూసే డాక్టర్లు ఉన్న చోట ల్యాబు పని చేయడం అదృష్టం. 

ఇంకో మాట ఇప్పుడే చెప్పి ఉంచుతాను, తర్వాత మరచిపోతానేమో. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన ఐజీజీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మొదటి కొన్ని నెలలు అది కాపాడుతుంది. తర్వాత ఒక దశ వస్తుంది. రక్షించేంత ఉండదు, పూర్తిగా పోయి కూడా ఉండదు. ఆ సమయంలో బిడ్డకు డెంగీ సోకితే, మిగిలిన ఆ కాస్త ఐజీజీయే వైరస్‌ను కణాల్లోకి చేరవేసి జబ్బును ముదిరేలా చేయగలదు. పసిపిల్లల్లో ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య తీవ్రమైన డెంగీ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని ఈ రంగంలోవాళ్ళు చెబుతారు. మీ మనవరాలు అక్టోబర్ మధ్యలో పుట్టింది. వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఏప్రిల్ మధ్య నుంచి జులై మధ్య దాకా. ఆ చివర్లోనే వానలు మొదలవుతాయి.

డెంగీ దోమ పగలు కుడుతుంది. అందుకే రాత్రికే కాదు, మధ్యాహ్నం ఉయ్యాల్లో నిద్రపోయేటప్పుడు కూడా తెర ఉండాలి. కూలర్ అడుగు నీళ్ళు, పూలకుండీ కింద పళ్ళెం, డాబా మీద పాత టైరు, ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే డబ్బా. వారానికి ఒకసారి ఆరబెట్టండి. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం, పది రోజులు చాలు.

తెనాలి అమ్మమ్మ, నవంబర్ 4

ఫలితం వచ్చింది. అమ్మాయి ఐజీఎం గట్టి పాజిటివ్. బిడ్డ ఐజీఎం నెగెటివ్. అంటే ఆ సందిగ్ధం మా అమ్మాయి రక్తం కలిసినదేనని డాక్టరమ్మ కూడా అన్నారు. ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు. బరువు 3 కిలోల 150 గ్రాములు.

నిన్న 21వ రోజు, ఉయ్యాల్లో వేశాం. వియ్యపురాలు పుణె నుంచి వచ్చారు. నేను తప్పు ట్యూబు సంగతి, కారే రక్తం సంగతి నర్సింగ్ హోమ్ పెద్ద డాక్టరుకు వెళ్ళి నెమ్మదిగా చెప్పాను. ఆయన విని, కాన్పు గదిలో ఏ పరీక్షకు ఏ మూతో గోడ మీద రాయించి పెడతానన్నారు. వచ్చే వారం అమ్మాయి కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు రాశారో లేదో చూస్తాను.

కాకినాడ అక్కయ్యా, మీ ఫోను నంబరు అడగను, ఇక్కడే రాస్తాను. నిన్న ఉయ్యాలకు పూలు కట్టే ముందు తెర కట్టాం. పాట పాడే ముత్తయిదువలు తెర ఎత్తి బిడ్డను చూసి, మళ్ళీ దించి వెళ్ళారు.